ఎప్పుడూ పెద్దదే ఇయ్యాలా?



గృహదర్శనానికి వచ్చినప్పుడు మీరు చెప్పే ప్రార్థన అంశాలు నాకు కంఠతా వచ్చేశాయి. ముందు జబ్బులు, తర్వాత అప్పులు, ఆ తర్వాత బోరులో నీళ్ళు. అంతా అయ్యి నేను చెప్పులేసుకుంటుంటే గడప దగ్గర నిలబడి తల్లి ఒక మాట అంటుంది. "అయ్యగారూ, పిల్లలిద్దరికీ అసలు పడతలేదు. పొద్దున లేస్తే కొట్లాటే. చిన్నోడైతే ఏది కాదన్నా కింద పడి పొర్లుతడు. వాళ్ళ కోసం గూడ ప్రార్థన చేయుండ్రి." నిలబడే చిన్న ప్రార్థన చేసి వచ్చేస్తాను. ఇది గడప దగ్గర తేలే సంగతి కాదు. అందుకే ఇవాళ కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

అమ్మగారి కంటి ఆపరేషన్ కోసం ఈమధ్య 12 రోజులు సికింద్రాబాదులో, రాంగోపాల్‌పేట్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. మీలో చాలామందికి ఆ వైపు తెలుసు. బోరు మోటారు కాలిపోతే సామానుకు రాణిగంజ్ పోతారు కదా, అక్కడికి దగ్గరే. మా అల్లుడు పని చేసేది కూడా అలాంటి మోటార్ల షాపులోనే. పెళ్ళి బట్టలకు మీరు పోయే జనరల్ బజారూ దూరం కాదు. ఇల్లు మాత్రం రెండే గదులు. మన ఊళ్ళో పిల్లలు కొట్లాడుకుంటే ఒకడు చింతచెట్టు కిందికి పోతాడు, ఇంకొకడు నాయనమ్మ ఇంటికి పోతాడు. అక్కడ పోవడానికి చోటు లేదు. ఏడేళ్ళ మనవరాలు, మూడున్నరేళ్ళ మనవడు, కంటికి కట్టుతో వాళ్ళ అమ్మమ్మ, నేను, పొద్దున్నే పనికి పరుగెత్తే తల్లీ తండ్రీ. పండగ పూట ఒక్కరోజు మనవళ్ళ అల్లరి చూసి మురిసిపోవడం వేరు, తెల్లారింది మొదలు పడుకునేదాకా 12 రోజులు చూడటం వేరు.

మా పెద్దదానికి ఒక స్టీలు గ్లాసుంది. దానిమీద దాని పేరు కొట్టించి ఉంటుంది. పుట్టినప్పుడు వాళ్ళ మేనత్త ఇచ్చింది. చిన్నోడికి ఇంకా అక్షరాలు రావు. అయినా వాడికి ఆ గ్లాసులోనే పాలు కావాలి. అంతే సైజు గ్లాసులు ఇంట్లో ఇంకో ఆరున్నాయి, అవి పనికిరావు. మేం వెళ్ళిన మూడో రోజు పొద్దున గుంజులాట మొదలైంది. పాలు కింద పోయాయి. వాడు అక్క చేయి కొరికాడు. అది వాడి నెత్తిమీద ఒకటి వేసింది. ఇద్దరూ ఒకేసారి ఏడుపు అందుకున్నారు.

పక్క పోర్షన్ ఆమె తలుపులోంచి తొంగి చూసి, మంచి మనసుతోనే, మనమంతా అనే మాటే అంది. "నువ్వు పెద్దదానివి గద బిడ్డా, ఇచ్చెయ్. వాడు చిన్నోడు గదా."

మా మనవరాలు ఏడుపు ఆపింది. ఆమె వైపు చూసి, "మరి నేను చిన్నదాన్ని ఎప్పుడైత?" అంది.

ఆమె నవ్వి వెళ్ళిపోయింది. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకు జవాబు లేదు కదా. వాడు పుట్టిన రోజునే అది పెద్దదైపోయింది, అప్పటికి దానికి మూడున్నరేళ్ళు. ఇప్పుడు వాడికున్న వయసే. వాడిని ఇవాళ చిన్నోడు అంటున్నాం, దాన్ని అదే వయసులో పెద్దదాన్ని చేశాం.

మా అమ్మాయి ఏం చేసిందో చెప్తాను. ముందు వాడి రెండు చేతులూ పట్టుకుని, "కొరకొద్దు, అక్కకు నొప్పి లేస్తది" అని ఒక్కసారి అంది. గొంతు పెంచలేదు గానీ చేతులు వదల్లేదు. పెద్దదాని చేయి చూసి చల్లనీళ్ళతో కడిగింది. తర్వాత ఆ పాలు పోయిన చోటే కింద కూర్చుంది. కూతురితో, "నీ గ్లాసు. నిన్నడగకుండ గుంజుకుండు. అందుకే కోపమొచ్చింది" అంది. కొడుకుతో, "నీకు గూడ అక్క గ్లాసే కావాలనిపించింది" అంది. ఎవరు ముందు మొదలుపెట్టారని అడగలేదు. "గ్లాసు ఒక్కటే ఉంది, మీరు ఇద్దరున్నరు. ఏం చేద్దాం?" అని ఊరుకుంది.

పెద్దది కాసేపు ఆలోచించి, "రేపు వానికిస్త. ఇయ్యాల నాది" అంది. మూడున్నరేళ్ళవాడికి రేపంటే ఏం తెలుస్తుంది? మళ్ళీ ఏడుపు అందుకున్నాడు. పాలు తాగకుండానే బడికి పోయాడు. ఇక్కడ కథ బాగా ముగిసిందని మీకు చెప్పలేను, ఆ రోజుకు ముగియలేదు. మర్నాడు పొద్దున మాత్రం ఎవరూ గుర్తు చేయకుండానే పెద్దది ఆ గ్లాసు తెచ్చి వాడి ముందు పెట్టింది. వాడు రెండు గుక్కలు తాగి, మిగతాది వదిలేసి ఆటకు పోయాడు.

"ఎవరు మొదలుపెట్టారు?" అని అడిగామంటే ఇంట్లో కోర్టు పెట్టినట్టే. ఇద్దరూ సాక్ష్యం చెప్తారు. గట్టిగా ఏడ్చినవాడు గెలుస్తాడు. ఓడినవాడు ఆ సాయంత్రం అమ్మ చూడకుండా గిల్లి అప్పీలు వేస్తాడు. అమ్మ తీర్పు చెప్పే మనిషైపోతే, పిల్లలిద్దరి చూపూ ఒకరి మీద ఒకరికి ఉండదు, అమ్మ ముఖం మీదే ఉంటుంది. రోజూ "పెద్దదానివి, ఇచ్చెయ్" అంటే మాత్రం ఇంకో రెండు పాఠాలు చెప్పినట్టు. పెద్దదానికి, నీది అన్నది నీది కాదని. చిన్నోడికి, ఏడిస్తే పనవుతుందని.

ఒక స్టీలు గ్లాసు గురించి ఇంత రాయాలా అయ్యగారూ అంటారేమో. రాయాలి. నేను చూసినవి అలాంటివి.

గట్టు తగాదాల్లో మధ్యవర్తిగా కూర్చోవడానికి నన్ను పిలుస్తారని మీకు తెలుసు. ఒక ఇంటి సంగతి చెప్తాను. గుర్తుపట్టకుండా కొంచెం మార్చాను, ఎవరా అని వెతకొద్దు. తండ్రి సమాధి కార్యక్రమం. ఇద్దరు కొడుకులు గుంటకు చెరో పక్క నిలబడ్డారు. ఒకడు మట్టి వేసి వెనక్కి జరిగాక గానీ రెండోవాడు ముందుకు రాలేదు. రెండు గుంటల భూమి మీద వాళ్ళకు తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. తర్వాత పెద్దాయన ఇంటికి వెళ్ళి, "ఆ రెండు గుంటల్లో ఏం పండుద్ది పెద్దయ్యా?" అని అడిగాను. ఏమీ పండదు, రాళ్ళే అన్నాడు. మరెందుకు? చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక సైకిలు గురించి చెప్పాడు. హైస్కూలు పక్క ఊళ్ళో. ఈయన నడిచిపోయాడు. తమ్ముడి వంతు వచ్చేసరికి నాయిన సైకిలు కొన్నాడు. కొంటే కొన్నాడు, తమ్ముడే కదా. కానీ ఆ రోజు "నాకు?" అని అడిగితే, "నువ్వు పెద్దోడివిరా, సర్దుకో" అన్నాడట. 58 ఏళ్ళ మనిషి, మనవళ్ళున్న మనిషి, ఆ "సర్దుకో" అన్నమాట దగ్గర గొంతు పట్టుకుపోయింది.

తమ్ముడి దగ్గరికీ వెళ్ళాను. ఆయన మాట ఇంకోరకం. "నాయిన ఏది కొన్నా నాకు సుఖం లేదు అయ్యగారూ, అన్న ముఖం చూస్తే దొంగతనం చేసినట్టు ఉండేది" అన్నాడు. ఎక్కువ అందినవాడు కూడా బాగుపడలేదన్నమాట. ఇది నేను ఊహించని సంగతి.

పరిశుద్ధ గ్రంథంలో ఇస్సాకు ఇంటి కథ మనకు తెలిసిందే. ఆదికాండము 25లో ఒక చిన్న మాట ఉంది, చదివి దాటిపోతాం. ఇస్సాకుకు ఏశావంటే ఇష్టం, వాడు తెచ్చే వేటమాంసం మూలంగా. రిబ్కాకు యాకోబంటే ఇష్టం. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒకడు నాన్న పిల్లాడు, ఒకడు అమ్మ పిల్లాడు. అంతే, రెండు అధ్యాయాలు తిరిగేసరికి దీవెన దొంగతనం. మోసం తెలిశాక ఏశావు పెట్టిన ఏడుపు 27వ అధ్యాయంలో ఉంది. బిగ్గరగా, చేదుగా ఏడుస్తాడు. తండ్రి దగ్గర ఉన్న దీవెన ఒక్కటేనా, తనకు మిగల్లేదా అని అడుగుతాడు. అడవిలో జంతువుల్ని వేటాడే మొనగాడు, పెళ్ళయినవాడు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపును గ్రంథం ఎక్కడా ఎగతాళి చేయలేదు.

రిబ్కా చిన్నకొడుకును కొన్నాళ్ళు మేనమామ ఇంటికి పొమ్మంది, అన్న కోపం చల్లారేదాకా. ఆ కొన్నాళ్ళు 20 ఏళ్ళయ్యాయి. ఆ తల్లి మళ్ళీ కొడుకును చూసినట్టు ఎక్కడా రాసిలేదు. అంత పడ్డాక కూడా ఆ యాకోబే తన ఇంట్లో పన్నెండుమందిలో యోసేపు ఒక్కడికే అందమైన అంగీ కుట్టించాడు. తాను పడ్డ బాధ మనిషికి బుద్ధి నేర్పుతుందని అనుకుంటాం గానీ, తన పిల్లల దగ్గరికి వచ్చేసరికి చాలామంది తమ తల్లిదండ్రులు చేసిందే చేస్తారు.

ఇప్పుడు చిన్నోడి ఏడుపు సంగతి. ఒకరోజు సాయంత్రం వాడికి ఉస్మానియా బిస్కెట్ ఇచ్చారు. చేతికిచ్చేటప్పుడు విరిగింది. అంతే, ప్రపంచం మునిగిపోయింది. వెల్లకిలా పడి, కాళ్ళతో నేలను తన్నుతూ, "అతికించు! అతికించు!" అని. ఇంకోటి ఇస్తే విసిరేశాడు. వాడికి అదే కావాలి, విరగనిది కావాలి. చూసేవాళ్ళకు నవ్వొస్తుంది, నిజమే. మనవాళ్ళకు దీనికి తయారుగా మాటలున్నాయి. ఆడపిల్లైతే "మహానటి, సావిత్రి మొదలుపెట్టింది" అంటాం. మగపిల్లాడైతే "ఆడపిల్లలెక్క ఏడుస్తవేందిరా" అంటాం. ఎవరైనా సరే, "నాటకాలు" అంటాం.

నాటకం ఆడేవాడికి అది నాటకమని తెలుసు. మూడేళ్ళవాడికి తెలియదు. మనకు ఒక బిస్కెట్ పోతే ఇంకోటి ఉందని, నిన్న పోయినది ఇవాళ గుర్తుండదని తెలుసు. వాడికి ఆ లెక్క ఇంకా రాలేదు. వాడి ఒళ్ళంతా కలిపి మూడడుగులు, కోపమేమో వాడంత పెద్దది. దాన్ని పెట్టుకోవడానికి లోపల చోటేదీ? కాళ్ళల్లోంచి, చేతుల్లోంచి బయటికొస్తుంది.

అమెరికాలో ఫ్లోరెన్స్ గుడెనఫ్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేది. తల్లులకు పుస్తకాలిచ్చి, పిల్లలకు కోపం వచ్చిన ప్రతిసారీ ఎప్పుడు, ఎందుకు, ఎంతసేపు అని రాయించి, 1931లో ఒక గ్రంథం ప్రచురించింది. రెండో ఏట ఆ కోపాలు బాగా ఎక్కువగా ఉండి, ఆ తర్వాత తగ్గుతూ వచ్చాయని తేలింది. భోజనానికి ముందు, నిద్రకు ముందు, ఒంట్లో బాగాలేనప్పుడు ఎక్కువట. ఇది మన అమ్మమ్మలకు తెలియని సంగతేం కాదు. "వాడికి నిద్దరొస్తుందే, అందుకే పేచీ" అని ఎన్నిసార్లు వినలేదు? మా చిన్నోడి బిస్కెట్ విరిగింది కూడా సాయంత్రం ఆరున్నరకు, మధ్యాహ్నం నిద్రపోని రోజున. కాబట్టి పిల్లాడు ఏడుస్తుంటే ముందు వాడి కడుపు సంగతి, నిద్ర సంగతి చూడండి. స్వభావం గురించి తీర్పు తర్వాత చెప్పొచ్చు.

అల్లుడు అలిగితే మనవాళ్ళు అలకపాన్పు వేస్తారు. ఎదిగిన మగాడి అలకకు ఒక మంచం, దానిమీద పరుపు, బతిమాలడానికి నలుగురు మనుషులు. మూడేళ్ళవాడు అలిగితే చాప కూడా వేయం, వీపు మీద ఒకటి వేస్తాం.

మా అమ్మాయి వాడి పక్కన కూర్చుంది. "మొత్తం బిస్కెట్ కావాలనుకున్నవు, విరిగిపాయె" అంది. ఒక్కమాటే. మాట్లాడి వాడిని ఒప్పించే ప్రయత్నం చేయలేదు, ఎందుకంటే అంత ఏడుపులో పిల్లలకు వాదన వినపడదు. చెయ్యి పెడితే తోసేశాడు, తీసేసింది. కొంచెం దూరంలో కూర్చుని బట్టలు మడతపెట్టుకుంటూ ఉంది. ఏడుపు పెద్దదై, కాసేపటికి సన్నబడి, వెక్కిళ్ళయింది. వాడే పాక్కుంటూ వచ్చి వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టాడు. కొత్త బిస్కెట్ ఇవ్వలేదు, కొట్టలేదు, నవ్వలేదు. విరిగిన ముక్కలే తర్వాత తిన్నాడు. దీనికి పట్టిన టైము, నేను గడియారం చూశాను, పావుగంట. వంట మీద ఉన్న తల్లికి రోజూ పావుగంట ఎక్కడ దొరుకుతుందని మీరడగొచ్చు. రోజూ దొరకదు. దొరికినరోజు చేయండి.

గడియారం అంటే గుర్తొచ్చింది. రాంగోపాల్‌పేట్‌లో జేమ్స్ స్ట్రీట్ పోలీస్ స్టేషన్ అని గడియారమున్న పాత భవనం ఒకటుంది. 1900లో దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ కట్టించాడు, ఆ పేటకు పేరు కూడా ఆయనదే. జేమ్స్ స్ట్రీట్‌ను ఇప్పుడు మహాత్మాగాంధీ రోడ్డు అంటున్నారు. మన ఊళ్ళో "ఏడిస్తే పోలీసోళ్ళకు పట్టిస్త" అంటే ఉత్తమాట, పిల్లలకూ తెలుసు. ఆ పేటలో పిల్లలకు పోలీస్ స్టేషన్ రోజూ కళ్ళముందు కనపడే చోటు. ఎవరో ఒకసారి ఆ భవనం చూపించి మావాడిని బెదిరించినట్టున్నారు, ఆ దారిన పోయేటప్పుడు నా పంచె పట్టుకుని వెనక దాక్కునేవాడు. ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళి బోనాలకు ఆ వీధుల్లో ఎంత జనం ఉంటారో చూసినవాళ్ళకు తెలుసు. అంత జనంలో చేయి జారితే ఆ పసివాడు ఎవరి దగ్గరికి పరుగెత్తాలి? ఆ ఖాకీ బట్టల మనిషి దగ్గరికే కదా. ఆ మనిషినే వాడికి బూచిని చేశారు. ఆ సాయంత్రం వాడిని ఎత్తుకుని అక్కడికి తీసుకుపోయి, బయట నిలబడ్డ ఒక కానిస్టేబుల్‌తో నమస్తే చెప్పించాను. ఆయన మీసాలు చూసి మొదట బిగుసుకుపోయాడు గానీ, ఆయన టోపీ ఇస్తే పెట్టుకున్నాడు.

ఇది చెప్పాక మీతో ఒక సొంత మనవి. మన సంఘంలో కొందరు తల్లులు "అయ్యగారొస్తుండు, ఏడిస్తే సంచిలో ఎత్తుకపోతడు" అంటున్నారు. నేను వీధిలో కనపడగానే తలుపు వెనక్కి పోయే పిల్లలు ఇద్దరు ముగ్గురున్నారు, ఏ ఇళ్ళో నేను చెప్పను. నా సంచిలో బైబిలు, బీపీ మాత్రలు తప్ప ఏమీ ఉండవు. అంతకన్నా బాధ పెట్టేది "దేవుడు కండ్లు తీసేస్తడు" అనే మాట. తమ్ముణ్ణి గిల్లినందుకు కళ్ళు తీసే దేవుణ్ణి ఆ పిల్ల తర్వాత ఏ వయసులో ప్రేమిస్తుంది?

బెత్తం గురించి తప్పకుండా అడుగుతారు. సామెతలు 13:24 మన ఇళ్ళలో అందరికీ నోటికొచ్చు, ఆదివారం వాక్యం గుర్తులేనివాళ్ళకు కూడా. కొలొస్సయులకు రాసిన పత్రిక 3:21 ఎంతమందికి వచ్చు? తండ్రులకు రాసిన మాట అది. పిల్లలకు కోపం పుట్టిస్తే వాళ్ళ మనసు కుంగిపోతుందని హెచ్చరిక. రెండూ ఒకే గ్రంథంలో ఉన్నాయి, ఒకటి గోడకు తగిలించుకుని రెండోది మడతపెట్టేశాం. ఇక కాపరి కర్ర అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన కురుమ సోదరులు మందతో పోతుంటే చూడండి. పొడుగు కర్రకు కొక్కెం కట్టి తుమ్మకొమ్మ వంచుతారు, మేకలకు కాయలు రాలుస్తారు. కుక్క వస్తే ఆ కర్రే ఎత్తుతారు. పక్క చేనులోకి పోయే గొర్రె ముందు ఆ కర్రను అడ్డం పెడతారు. పొద్దస్తమానం గొర్రెను కొట్టే కాపరిని నేను చూడలేదు, అలాంటివాడి మంద సాయంత్రానికి ఇంటికి రాదు. 23వ కీర్తనలో దావీదుకు ఆ కర్ర ధైర్యాన్నిచ్చింది. మన పిల్లలకు మన చేతిలో కర్ర చూస్తే ధైర్యం వస్తుందా? బళ్ళల్లో పిల్లల్ని కొట్టడం, మనసు నొచ్చేలా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. ఇంట్లో మనమే చూసుకోవాలి. చలం పేరెత్తితే మన పెద్దల్లో కొందరు ముఖం చిట్లిస్తారు, ఆయన కథలతో నాకూ పేచీలున్నాయి. కానీ "బిడ్డల శిక్షణ" అని ఆయన ఒక పుస్తకం రాశాడు, పిల్లల్ని కొట్టడం గురించి అందులో ఆయన పడ్డ బాధ మన ప్రసంగాల్లో కూడా లేదు.

కొట్టొద్దంటే ఏమైనా చేయనివ్వమని కాదు. కొరికితే చేతులు పట్టుకుని ఆపాలి, ఆ క్షణమే. కోపం రావడం వేరు, కొరకడం వేరు. మొదటిది తప్పని పిల్లాడికి చెప్తే వాడు కోపం దాచిపెట్టడం నేర్చుకుంటాడు. కయీను విషయంలో దేవుడు ఏం చేశాడో ఆదికాండము 4లో చూడండి. ముఖం చిన్నబుచ్చుకున్న అన్నను ఎందుకు కోపంగా ఉన్నావని ముందు అడిగాడు. వాకిట్లో పాపం పొంచి ఉందన్న హెచ్చరిక ఆ తర్వాత వచ్చింది. ఇంకా చేయి లేవకముందు జరిగిన సంభాషణ అది. అడిగినా కయీను వినలేదు, అది నిజమే. అడగడం మాత్రం జరిగింది.

పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డల ఇళ్ళకు నా మాట ఒకటి. తొట్టెలో తమ్ముడు పడుకుంటాడు, పక్కన పెద్ద పిల్ల నిలబడి ఉంటుంది. వచ్చిన చుట్టాలంతా దానితో ఒకటే సరసం. "ఇంక నీ పని అయిపాయె, అమ్మ నిన్ను చూడదు." "నిన్ను తవుడుకు కొన్నం, వీడే మా సొంతం." మనకు అది నవ్వులాట. ఆ పిల్ల రాత్రి పడుకుని దాన్నే తలుచుకుంటుంది. ఇంగ్లండులో జూడీ డన్, కరోల్ కెండ్రిక్ అనే ఇద్దరు పరిశోధకులు రెండో బిడ్డ పుట్టిన ఇళ్ళకు వెళ్ళి చూసి, 1982లో పుస్తకం రాశారు. పసిబిడ్డ గురించి మొదటి బిడ్డతో మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడిన ఇళ్ళల్లో, "ఎందుకేడుస్తున్నాడంటావ్, ఆకలేస్తుందేమో" అని దాన్నే అడిగిన ఇళ్ళల్లో, తర్వాత వాళ్ళిద్దరి మధ్య స్నేహం ఎక్కువగా కనపడిందట. ఖర్చులేని పని. తవుడు మాట మానేసి ఈ మాట అనొచ్చు.

సమానంగా ఇవ్వాలని తల్లిదండ్రులు పడే పాట్లు కూడా చూస్తుంటాను. లడ్డూ కొలిచి కోస్తారు. కొలిచేకొద్దీ పిల్లలు కూడా కొలవడం నేర్చుకుంటారు, వాడి ముక్క నాకన్నా గోరంత పెద్దదని. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో తండ్రి ఇద్దరికీ సమానమైనది ఏమీ ఇవ్వలేదు. ఒకడికి విందు. ఇంకొకడు అలిగి బయట నిలబడితే, చుట్టాలను ఇంట్లో వదిలి తానే బయటికి వెళ్ళి బతిమాలాడు. లూకా 15లో చిన్నకొడుకు గురించి నేను ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. బయట నిలబడ్డ పెద్దకొడుకు గురించి విన్నవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ పెద్దకొడుకు ఫిర్యాదు కూడా పిల్లల ఫిర్యాదే. ఇన్నేళ్ళు పనిచేశాను, నాకు ఒక మేకపిల్లనైనా ఇచ్చావా అని. తండ్రి వాడిని పెద్దోడివి సర్దుకో అనలేదు.

ఇక్కడిదాకా రాసి మొన్న మన సహోదరి ఒకామెకు ఫోనులో చదివి వినిపించాను. ఆమె కాసేపు ఊరుకుని, "మా పిల్లలకు 25 ఒకడికి, 22 ఒకడికి అయ్యగారూ. పెద్దోడు పూణేలో ఉండు. తమ్మునితో మాట్లాడడు. ఇప్పుడు ఇది చదివి నేనేం చేయాలె?" అని అడిగింది. ఆదికాండము 33 తీయమన్నాను. 20 ఏళ్ళ తర్వాత అన్నదమ్ములు ఎదురుపడితే, ముందు పరుగెత్తి వచ్చి మెడ కౌగిలించుకుంది మోసపోయిన అన్నే. కానీ ఆ 20 ఏళ్ళలో ఏశావును కూర్చోబెట్టి, ఆ రోజు నీకు ఎలా అనిపించిందిరా అని తల్లిగానీ తండ్రిగానీ అడిగినట్టు ఎక్కడా రాసిలేదు. మీరు అడగండి అన్నాను. చిన్నప్పుడు నిన్ను సర్దుకోమన్న రోజులు గుర్తున్నాయా అని అడగండి, వాడు చెప్తుంటే మధ్యలో ఆపి, అప్పుడు మాకు డబ్బుల్లేవు బిడ్డా అని సమాధానం చెప్పకండి, ముందు వినండి.

"క్రిస్మస్‌కు వస్తడు అయ్యగారూ, అప్పుడు అడుగుత" అంది.

క్రిస్మస్ దాకా ఎందుకమ్మా, నా ఫోను పెట్టేశాక వాడికే చెయ్యి అన్నాను.